కుర్చీకి చోటు

వరద నీళ్లు మేడమెట్ల మీదికొచ్చేసరికి పెద్దిరాజు గారికి రెండు భయాలు పట్టుకున్నాయి.

ఒకటి, మునిగిపోతామేమోనని.

రెండోది ఇంకా పెద్దది. వరద శిబిరంలో ఊరందరితో పాటు నేల మీద కూర్చోవాలేమోనని.

సొసైటీ ప్రెసిడెంటు పదవి పోయి చాన్నాళ్లయింది. నమస్కారాలు కూడా పోయాయి. పడక్కుర్చీ ఒక్కటే మిగిలింది. దాన్నీ వదిలేస్తే "పాపం, దిగజారిపోయాడు" అనరూ?

సందెవేళ ఓ నాటుపడవ పిట్టగోడకి ఆనింది.

"తొరగా ఎక్కండయ్యగారూ! ఏటిగట్టు తెగేలా ఉంది!" అని కేకేశాడు పడవ నడిపే సామ్యేలు.

పడవలో చొక్కా లేని ముసలాయన ఒకడు డబ్బాతో నీళ్లు తోడిపోస్తున్నాడు.

పెద్దిరాజు గారు ముందు కుర్చీ అందించారు.

"ఇదెందుకండీ?"

"మరి నన్ను కటిక నేల మీద కూర్చోమంటావా?"

"మనుషులకే చోటు లేదండి. మునిగిపోద్ది."

"అయితే నేనూ రాను."

భార్య శ్యామలాంబ ఆయన చెయ్యి పట్టి లాగింది. "ఏవండీ, శవాన్ని ఎవరూ కుర్చీలో కూర్చోబెట్టరండీ!"

"నువ్వూరుకో. పరువు పోయాక ప్రాణం ఉండి ఏం లాభం?"

నీళ్లు గుడగుడమంటూ ఇంకో మెట్టెక్కాయి. పెద్దిరాజు గారు మాత్రం కుర్చీని వదల్లేదు.

"ఈ ముసలాయన్ని దింపు. ఇంకో ట్రిప్పులో తీసుకెళ్దువుగాని."

సామ్యేలు ఏదో అనబోయాడు. ముసలాయన చెయ్యడ్డం పెట్టాడు.

"వాదించుకుంటా కూర్చుంటే అందరం పోతాంరా. పోనియ్."

డబ్బా శ్యామలాంబ చేతిలో పెట్టాడు. "నీళ్లు తోడతా ఉండమ్మా" అని మేడ మీదికి దిగిపోయాడు.

కుర్చీ ఎక్కింది. పడవ కదిలింది.

వీళ్లు మెరక రోడ్డు మీద కాలు పెట్టారో లేదో, వెనకాల ఊరివైపు పెద్ద చప్పుడైంది. గట్టు తెగింది.

పెద్దిరాజు గారు గిరుక్కున వెనక్కి తిరిగారు. "సామ్యేలూ, వెళ్లవయ్యా! ఆయన్ని తెచ్చెయ్!"

"ఈ ఉరవడిలో పడవ నిలబడదండి."

"ఎవరయ్యా ఆయన? నీ కూలివాడా?"

సామ్యేలు చీకట్లోకి చూస్తూనే చెప్పాడు.

"నేనే ఆయన కూలోణ్ణండి. పడవ ఆయనదే, 'పెద్దిరాజు గారోళ్లు ఉండిపోయారు, వెనక్కి తిప్పరా' అన్నదీ ఆయనేనండి."