ఓపల్ ఎంచిన తుపాకీ

కోరిన్ దవడ వాపు ఇంకా దిగలేదు. తుపాకుల దుకాణంలో అద్దాల బల్ల మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది.

"ఎప్పుడైనా పట్టుకున్నావా అమ్మా?" యజమాని గార్లాండ్ అడిగాడు.

"లేదు."

"అయితే ఇది నీకోసమే పుట్టింది." అరచేతిలో ఇమిడిపోయే గులాబీరంగు పిస్తోలు తీసిపెట్టాడు. "ఈకలా ఉంటుంది. ఆడవాళ్ళంతా ఇదే పట్టుకెళ్తారు."

"పట్టుకెళ్ళి ఏం చేస్తారు, చెవులకు పెట్టుకుంటారా?"

కోరిన్ వెనకే లోపలికి వచ్చిన ముసలామె అంది ఆ మాట. గళ్ళ చొక్కా, మగవాళ్ళ బూట్లు.

"మొదలెట్టావా ఓపల్!" గార్లాండ్ విసుక్కున్నాడు.

ఆమె పట్టించుకోలేదు. "కొట్టింది మొగుడేనా అమ్మాయ్? ఇటువైపొచ్చి చెప్పు, ఆ చెవి వినపడదు."

"మీ చెవికేమైంది?"

"నీ దవడకైనట్టే. ఇంట్లోవాళ్ళే."

కోరిన్ గొంతు తగ్గించింది. "మొగుడే. రాండల్ నా దగ్గరికి రాకూడదని కోర్టు కాగితమిచ్చింది. దాన్నే ఉండచుట్టి నా నోట్లో కుక్కాడు. ఈసారి చంపుతానని కబురు పెట్టాడు."

ఓపల్ బల్ల మీది గులాబీరంగు పిస్తోలు చేతిలోకి తీసుకుంది.

"పద. కొనేముందు కాల్చి చూడాలి."

దుకాణం వెనక గోడకు కాగితం మనిషి వేలాడుతున్నాడు. గులాబీరంగు పిస్తోలు కోరిన్ చేతిలో గాడిదలా తన్నింది. గుళ్ళన్నీ గోడకే తగిలాయి. తర్వాత అసలు పేలనే లేదు.

"గుండు ఇరుక్కుంది! ఇప్పుడేం చెయ్యను?"

"ఇప్పుడు నువ్వు చచ్చావు. తేలిక తుపాకీకే తన్ను ఎక్కువ, తల్లీ. గార్లాండ్, పోలీసులు వాడి వదిలేసినవి ఉన్నాయిగా, ఆ ఇనప ముద్ద పట్రా."

గార్లాండ్ తెచ్చినది నల్లగా, గీతలు పడి ఉంది. బరువుకి మణికట్టు లాగింది. పేలినప్పుడు మాత్రం పెద్దగా అదరలేదు. గుళ్ళు కాగితం మనిషి ఛాతీలో పళ్ళెమంత చోట దిగాయి. గుళ్ళ పెట్టె ఖాళీ అయ్యేదాకా కాల్చినా ఒక్కసారీ ఇరుక్కోలేదు.

"ఇదే," అంది ఓపల్. "ఇంకో మాట. వాడు ముందు తిడతాడు. తర్వాత మోకాళ్ళ మీద పడి ఏడుస్తాడు. అప్పుడు దించకు."

"ఏడుస్తాడని మీకెలా తెలుసు?"

"అలాంటివాళ్ళంతా ఏడుస్తారు." ఓపల్ మొహం తిప్పుకుని కింద పడ్డ ఖాళీ తూటా డొప్పలు ఏరడం మొదలుపెట్టింది.

ఆ వారమంతా ఓపల్ రోజూ దుకాణానికి వచ్చింది. రోజూ కోరిన్ చేత కాల్పించింది.

ఆదివారం పొద్దున కోరిన్ గుడ్లు వేయిస్తోంది. గుమ్మంలో కుక్క మొరిగి, మధ్యలోనే ఆగిపోయింది. కోరిన్ గూట్లోని తుపాకీ అందుకుంది.

తలుపు విరిగింది. రాండల్ చేతిలోని ఇనప కడ్డీకి కుక్క వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి.

నోటికొచ్చినట్టు తిట్టాడు. తుపాకీ చూసి నవ్వాడు. అది వణకకపోయేసరికి మోకాళ్ళ మీద పడ్డాడు.

"కోరీ, నేను మారాను. ఒట్టు. చర్చి ఫాదర్‌ని అడుగు."

వెక్కి వెక్కి ఏడ్చాడు. కడ్డీ మాత్రం వదల్లేదు.

కోరిన్ చేతులు కిందికి జారబోయాయి. ఆగాయి.

అతను లేచి మీదికి దూకాడు. కడ్డీ ఆమె భుజం ఎముకను పగలగొట్టింది. కోరిన్ రెండుసార్లు కాల్చింది. రాండల్ పొయ్యి మీదికి ఒరిగి, పెనంతో సహా నేల మీద పడ్డాడు. నెత్తురు గుడ్ల మీదికి పాకింది.

పోలీసులు అడగవలసినవి అడిగి వదిలేశారు.

భుజానికి కట్టుతో, ఒంటి చేత్తో పీచ్ పండ్ల కేకు పట్టుకుని ఆమె దుకాణానికి వెళ్ళింది.

"ఓపల్ అమ్మ వచ్చిందా? ఆవిడవల్లే బతికాను. ఒక్కసారి కాళ్ళ మీద పడాలి."

గార్లాండ్ తలెత్తలేదు. "శ్మశానానికెళ్ళింది. కొడుకుని పూడ్చడానికి."

"అయ్యో! ఎలా పోయాడు?"

అప్పుడు తలెత్తి ఆమె కట్టు వైపు చూశాడు.

"తల్లి చచ్చిపోయిందని చెప్పాడా అమ్మా, నీకు రాండల్?"