పాప పిడికిలి

బారసాలకు వచ్చిన మా పెదనాన్న పరంధామయ్య నా కూతురి అరచేతిలో తన పాత కంపెనీ షేర్లు నమోదై ఉన్న బిళ్ల పెట్టాడు. పసిగుడ్డు ఏది పెట్టినా పట్టుకుంటుంది. పట్టుకుంటే చట్టం దృష్టిలో పుచ్చుకున్నట్టే.

"బహుమతి అందింది," అంది పాప పేర వచ్చేవన్నీ లెక్కరాసే మాటల ఉయ్యాల. "దాత నలభై ఏళ్లుగా లాభాల మీద కట్టకుండా వాయిదా వేసిన పన్ను ఇకనుంచి పాపది. షేర్లు అమ్మేదాకా ఏటా పన్ను రిటర్ను వేయాలి."

"ఇంకా పేరైనా పెట్టలేదు, ఇదేంటి పెదనాన్నా?"

"ఆశీర్వాదమేనమ్మా," అంటూ ఆయన బరువు దిగినవాడిలా గారెల వైపు నడిచాడు.

ఆయన తర్వాత బంధువులంతా తలో బిళ్లతో ఉయ్యాల ముందు వరసకట్టారు. పాప రెండో చెయ్యి ఖాళీగా కనిపించేసరికి మా అత్తయ్య నవ్వుతూ వంగింది.

ఆ గుప్పిట్లో నా వేలు పెట్టేశాను. పాప గట్టిగా పట్టుకుంది. ఈసారి ఉయ్యాల "బహుమతి అందింది" అనలేదు.