సింహాలమ్మ వేయించిన దారి

చీమల పుట్టలు మూడూ వాగుకి ఇవతల. గింజలు రాలే గడ్డి బీడు అవతల. మధ్యలో వంతెనగా ఒకే ఒక ఎండు తీగ. దాని నడుమ కుళ్ళిపోతోంది. గట్టుపుట్ట పెద్దావిడ సింహాలమ్మకి దాటినప్పుడల్లా గుండె దడదడలాడేది.

కొత్త తీగ లాగే చీమల కూలికని పుట్టలన్నీ నూకలు పోగుచేశాయి. పంచాయితీ నాడు ఒడ్డున చల్లగా కూర్చునేసరికి సింహాలమ్మకి ఆ భయం గుర్తు రాలేదు. "తీగ ఎవరి గుమ్మంలో ఉందని? ముందు ఈ ఒడ్డు నుంచి మన గుమ్మాల దాకా దారులు వెడల్పు చేయించుకుందాం. తీగ సంగతి వచ్చే ఏడు చూద్దాం" అంది. ఎవరి గుమ్మం వాళ్ళకి ముద్దు కదా, అందరూ సరేనన్నారు. నూకలన్నీ దారులకే అయిపోయాయి.

తొలకరి మబ్బు కమ్మిన రోజున బారుకి ముందు సింహాలమ్మే నడిచింది. తీగ సగం దాటిందో లేదో, కాళ్ళ కింద నార పుటుక్కుమంది. కింద వాగు బుసలు కొడుతోంది.

"ఆగండర్రా! వెనక్కి పొండి!" అని అరిచింది.

బారులో ముందున్నవాళ్ళు ఆగకూడదన్నది చీమల కట్టుబాటు. వెడల్పాటి దారుల్లో వచ్చినవాళ్ళు వచ్చినట్టే తీగ ఎక్కేస్తున్నారు.

"ఆగడమెందుకు పెద్దమ్మా?" వెనకున్న చీమ హుషారుగా ముందుకి తోసింది. "నువ్వు వేయించిన దారి ఎంత బాగుందో! మూడు పుట్టలూ ఒక్కసారే వచ్చేస్తున్నాయి."