తాబేలు వంతు నెల

ఈ కథ మొదట చెప్పింది మా మేనత్త నూకాలు. ఒక కుంటలో పెద్దరికం నెలకొకరిది. పెద్దయినవాళ్లు కుంట నడిమి బండరాయి ఎక్కి దండాలు అందుకోవాలి. తాబేలు మాత్రం తన వంతు నెలంతా గట్టుకు పడ్డ గండిని బురదతో పూడ్చింది.

"పెద్దగారు బురదలో పొర్లుతున్నారేంటర్రా!" అని కప్పలు నవ్వాయి.

"గండి పూడకపోతే వానొచ్చినా నీళ్లు నిలవవే," అంది తాబేలు.

మరుసటి నెల కొంగ వంతు. వాన పడింది, కుంట నిండింది. రోజుకో కప్ప కొంగ నోట్లోకి పోతున్నా, మిగిలినవి "అంతా కొంగయ్య చలవ" అని పాట కట్టాయి. అంతకుముందు నెల పెద్దే లేడని కూడా అందులో కలిపాయి.

తాబేలుకు కడుపు మండిపోయింది. "మీ దండాలు నాకక్కర్లేదు. పాటలో నా నెల నాకివ్వండి," అంది.

కప్పలు ఇప్పటికీ ఆ పాటే పాడుతున్నాయి. అటువైపు వెళ్లేవాళ్లెవరైనా కాస్త సరిదిద్ది రండి.