మూసీలో సకినాలు

పొద్దున్నే ఇంటికొకరు నిలబడి తెడ్డేసే ప్యాడిల్‌బోర్డు ఎక్కి మూసీలో చెత్త ఏరితేగాని ఆ వీధికి నల్లా నీళ్లు రావు. దొరికిన చెత్త ఎవరు పారేశారో బోర్డే అందరికీ వినబడేలా చెబుతుంది.

ఆ రోజు బాలమణి తెడ్డుకు ఏదో టంగుమని తగిలింది. పైకి తీస్తే సకినం. వారం కింద తను ఇంటింటికీ పంచినదే!

“పారేసింది వజ్రమ్మ,” అని బోర్డు అరిచింది. పక్క బోర్డు మీదున్న వజ్రమ్మ తల తిప్పుకుని కొంగల్ని చూడసాగింది.

రెండోది దొరికింది. “పారేసింది సత్తయ్య.”

సత్తయ్య బాలమణి మొగుడు. ఒడ్డున చాయ్ తాగుతున్నాడు. బాలమణి విసురుగా బోర్డు దిగొచ్చింది.

“కమ్మగున్నయని తింటివి గదయ్యా?”

“పండ్లు ఊడుతయేమోనని భయమైందే.”

“ఇప్పుడు నానినయిలే, తిను!”

ఎంతైనా రోజూ నల్లాలో వచ్చే తాగే నీళ్లే కదా అని సత్తయ్య కళ్లు మూసుకుని కొరికాడు. కర్రుమంది.

అంతే, బాలమణి కోపం ఎటో పోయింది. నడుం మీద చెయ్యేసుకుని నది వైపు తిరిగింది.

“ఓ వజ్రమ్మా, ఇన్నవా? వారం నానినా కరకర పోలే! రేపు అందరికీ ఇంకో డబ్బా పంపిస్త!”

నదిలో ఉన్న బోర్డులన్నీ గబగబా అవతలి ఒడ్డుకు మళ్లాయి.