మళ్ళీ తిప్పమ్మా

నందిత చెయ్యి జారింది. మంచం మీది ముసలాయన తల ఠప్పున కమ్మీకి తగిలింది.

"అయ్యో, తాతా!"

"పరవాయిల్లమ్మా," అన్నాడాయన తమిళంలో, కళ్ళు మూసుకునే. "మళ్ళీ తిప్పమ్మా."

ఎన్నిసార్లు తప్పినా ఆయన నోట అదే మాట.

గుడియాత్తంలో అగ్గిపెట్టెల కంపెనీ మూతపడ్డాక నందిత వేలూరు బస్సెక్కింది. మంచాన పడ్డ రోగుల్ని చూసుకునే పని అక్కడ ప్రభుత్వం ఉచితంగా నేర్పుతోంది. నలభైకి దగ్గరపడ్డాక మళ్ళీ పలకా బలపం పట్టినట్టే ఉంది ఆమెకి.

చివర్లో పరీక్ష. కదల్లేని మనిషిని ఒక్కతే, నొప్పి పుట్టకుండా పక్కకి తిప్పాలి.

నెగ్గితే ఆస్పత్రిలో ఉద్యోగం. లేకపోతే ఖాళీ చేతులతో ఇంటికి. ఇంట్లో ఇద్దరు పిల్లలు, సంపాదించేది తనొక్కతే.

ఇన్నేళ్ళూ అగ్గిపుల్లలు సర్దిన చేతులకి మనిషి బరువు లొంగడం లేదు.

రోగిలా పడుకోవడానికి రోజూ వచ్చేవాడు ఆ ముసలాయన, అణ్ణామలై. అందరితోనూ తమిళమే. ఏ ఊరని ఎవరూ అడగలేదు. నేర్చుకునేవాళ్ళంతా వంతులు వేసుకుని ఆయన్ని దొర్లించేవాళ్ళు.

గుడియాత్తం నుంచే వచ్చి నేర్చుకునే యువరాణి, నందిత ఆయన మంచానికి అటొకరు ఇటొకరు నిలబడి తెలుగులో కబుర్లాడుకునేవాళ్ళు.

"యోగమంటే ఈయప్పదే. సుమ్మా, ఊరికే పండుకొనేదానికి కూలి," అంది యువరాణి.

"మెల్లగా అనవే."

"అరవాయనకి తెలుగు యాడ తెలస్తాది!"

నందితకీ కడుపుమంటగానే ఉంది.

"పండుకొనేదన్నా సరిగ్గా పండుకొంటాడా? చూడు, దూలం మాదిరి ఎట్ల బిగుసుకొని ఉండాడో. రేపు పరీక్షలో ఒళ్ళు రవంత వదిలినాడంటే నేను గట్టెక్కుతాను. వదలడు. ఈయన పుణ్యమా అని నా బిడ్డలు పస్తులుండాల్సిందే."

యువరాణి కిసుక్కున నవ్వింది. ముసలాయన కళ్ళు తెరవలేదు.

మర్నాడు పరీక్ష. నందిత మంచం దగ్గరికి వెళ్ళింది. ఆయన భుజం మీద ఒక చెయ్యి, తుంటి మీద ఒక చెయ్యి వేసి తన వైపుకి తిప్పింది.

నిద్రలో ఉన్న పసిబిడ్డలా మెత్తగా తిరిగాడు అణ్ణామలై.

"నొప్పి పుట్టిందా పెద్దాయనా?" పరీక్షకి వచ్చిన అధికారి తమిళంలో అడిగాడు.

ముసలాయన నుదురంతా చెమట.

"లేదయ్యా. మంచి చెయ్యి."

నందిత నెగ్గింది. తన చెయ్యి కుదిరిందని పొంగిపోయింది. ఆ సంబరంలో ఆయనకొక దండమైనా పెట్టకుండా ఊరి బస్సు పట్టుకుంది.

ఉద్యోగంలో కుదురుకున్నాక ఒక రోజు స్వీటు డబ్బాలతో, తనకి పని నేర్పిన సరసమ్మ దగ్గరికి వచ్చింది.

"టీచరమ్మా, తాత యాడ? ఆయనకీ ఒక డబ్బా తెచ్చినా."

సరసమ్మ డబ్బా అందుకోలేదు.

"పోయినాడు నందితా. పోయిన వారం."

"అయ్యో... ఏమైంది?"

"వెన్నులో గడ్డంట. నాకూ తెలీదు, ఆయన కూతురొచ్చి చెప్పి ఏడ్చింది. మెల్లగా తాకినా ప్రాణం పోయేంత నొప్పంట. అందుకే అట్ల బిగుసుకొని పండుకొంటా ఉండె."

"అంత నొప్పితో ఎందుకొచ్చినాడు? కూలి కోసమా?"

"కూలా? ఈడ ఒక టీ కూడా తాగింది లేదు. ఆయన పెండ్లాం మంచాన పడితే, తిప్పేది తెలిసినోళ్ళు లేక ఒళ్ళంతా పుండ్లు పడి పోయిందంట. మీరన్నా బాగా నేర్చుకోవల్లని వస్తా ఉండె, పావం."

నందిత బెంచీ మీద కూలబడింది. ఆయన తల కమ్మీకి కొట్టుకున్న చప్పుడు మళ్ళీ వినిపించింది.

"నా పరీక్ష రోజు మటుకు ఒళ్ళు వదిలినాడే టీచరమ్మా! అంత నొప్పి పెట్టుకొని ఎట్ల వదిలినాడు?"

"నువ్వే అడిగినావంట గదా."

"నేనా? ఆయన్ని నేను ఏమీ అడగలేదే!"

సరసమ్మ నందిత చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది.

"ఆయన ఊరు పొన్నై. ఇంట్లో మాట్లాడేది మన తెలుగే. 'నాకు తెలుగు వస్తాదని ఆ బిడ్డకి చెప్పొద్దమ్మా, తానన్న మాటలు తలుచుకొని బాధపడతాది' అని నా దగ్గర మాట తీసుకొన్నాడు."