సౌభాగ్య కత్తి

టమాట మీద జారిన కత్తి సౌభాగ్య వేలి మీద ఆగింది.

"ఇగ దాని పని అయిపోయిందమ్మా," అంది కూతురు వైశాలి, వేలికి గుడ్డ చుడుతూ.

సౌభాగ్యకు నమ్మబుద్ధి కాలేదు. నాంపల్లి సందులో కర్రీ పాయింట్ పెట్టినప్పుడు బేగం బజార్‌లో కొన్న కత్తి అది. పన్నెండేళ్లుగా రోజూ పది కిలోల ఉల్లిగడ్డ కోసినా మొద్దుబారలేదు.

"నా కత్తి స్టీలే వేరు," అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేది.

మొదటి జీతం రాగానే వైశాలి అబిడ్స్ వెళ్లి జపాన్ స్టీలు కత్తి తెచ్చింది.

"ఏడు వేలా! దీంతోని కూరగాయలు కొయ్యాల్నా, దీనికి పూజ చెయ్యాల్నా?"

"నీ చేతులు గుంజొద్దని తెచ్చినమ్మా."

వారం రోజులు బాగానే తెగింది. గుమ్మడికాయ కోస్తుంటే అంచు పెచ్చు లేచింది. నెల తిరిగేసరికి అదీ టమాట మీద జారింది.

తల్లీకూతుళ్లు రెండు కత్తులూ పట్టుకుని, మొజంజాహీ మార్కెట్ దగ్గర సాన పెట్టే రాజమల్లును వెతుక్కుంటూ వెళ్లారు.

అతను కొత్తది పక్కన పెట్టి, పాతదాన్ని వెలుతురులో తిప్పి చూశాడు.

"దీనికి సాన ఎవరు పెడుతుండె?"

"ఎవ్వరు పెట్టలే. కొన్నప్పటి సంది గట్లనే ఉండె. మంచి స్టీలు."

రాజమల్లు నవ్వాడు.

"మామూలు స్టీలే అక్కా. ఇంట్ల వంటకు గిదే చాలు. రాయి మీద పట్టకుంటే ఎంత మంచి స్టీలైనా మొద్దే. దీన్ని ఎవరో రోజూ జరంత పట్టిన్రు. ఎడమచేతి మనిషి."

వైశాలి ముఖం పాలిపోయింది.

"పప్పు తాత," అంది.

రోజూ పప్పు పొట్లం కోసం వచ్చే ముసలాయన. పేరు ఎవరూ అడగలేదు. "కత్తి కడిగిపెడత బిడ్డా" అంటూ ఎడమచేత్తో కత్తి అందుకుని వెనక గుమ్మంలో బండ మీద కూర్చునేవాడు. సౌభాగ్య ఇంకో గరిటె పప్పు ఎక్కువ పోసేది.

"మూడు నెలలైంది, రావుడే బంద్ చేసిండు," అంది సౌభాగ్య.

"నేనే వద్దన్నమ్మా. కస్టమర్లు చూస్తే బాగుండదు, లోపలికి రాకు తాతా అన్న."

"గట్లన్నవా! ఏమన్నడు?"

"కత్తి తుడిచి గూట్లె పెట్టి పోయిండు."

సౌభాగ్య రాజమల్లు వైపు తిరిగింది.

"సాన పని వచ్చినోడంటే నీకెర్కుండాలె గదన్నా? యాడుంటడు? ఇప్పుడే పోయి పిలుచుకొస్తం."

రాజమల్లు పాత కత్తిని గుడ్డతో తుడిచాడు.

"మొగులయ్య. కర్రీ పాయింట్ల పప్పు తెచ్చుకుంటనని చెప్తుండె. చనిపోయి ఇయ్యాల్టికి పదమూడు రోజులు. నాకు ఈ పని నేర్పిన ఉస్తాద్ ఆయనే. ఒకప్పుడు పెద్ద డాక్టర్లు ఆపరేషన్ కత్తెరలు ఆయన చేతికి తప్ప ఇంకొకరికి ఇయ్యకపోయేది."

కత్తిని రెండు చేతులతో సౌభాగ్యకు అందించాడు.

"చేతులు వణుకుడు షురువైనంక అందరి పనీ వద్దన్నడక్కా, మీ ఒక్క కత్తి తప్ప."